కాకినాడ ప్రయోగం: మనస్తత్వ శాస్త్రంలో ప్రయోగ పథకాల కథ

ఒక లోలకం ఊగడానికి పట్టే కాలం దాని పొడవుపై ఆధారపడుతుందా, గుండు బరువుపై ఆధారపడుతుందా అని తేల్చడం కష్టం కాదు. పొడవు మార్చకుండా గుండును మార్చి చూస్తాం. తరువాత గుండును అట్లాగే ఉంచి పొడవును మారుస్తాం. లోలకానికి నిన్నటి సంగతి జ్ఞాపకం ఉండదు. తనను ఎవరో పరీక్షిస్తున్నారన్న స్పృహ కూడా దానికి లేదు. మనిషి విషయం అట్లా కాదు. ఒకసారి పరీక్ష వ్రాసిన విద్యార్థి రెండవసారి వ్రాసేటప్పటికి కొంత మారి ఉంటాడు. తన పనిని గమనిస్తున్నారని తెలిసిన కార్మికుడు ఆ రోజు వేరుగా పని చేయవచ్చు. అందుచేత మనస్తత్వ శాస్త్రంలో పరికరాల కంటె ప్రయోగ పథకానికి ప్రాముఖ్యం ఎక్కువ. ఎవరిని, ఎప్పుడు, ఎవరితో పోల్చి చూడాలన్న ముందస్తు ఏర్పాటునే ప్రయోగ పథకం అంటారు.

ఈ పథకాలు ఒక్కరోజున పుట్టినవి కావు. వాటి చరిత్రలో మన తెలుగు పట్టణమైన కాకినాడకు కూడా ఒక స్థానం ఉంది. 1964లో అక్కడి వర్తకులతో ఒక పెద్ద ప్రశ్నకు జవాబు వెదికారు. ఒక ప్రాంతపు పేదరికానికి అక్కడి మనుషుల మనఃప్రవృత్తి కారణమా? అయితే ఆ ప్రవృత్తిని కొద్దిరోజుల శిక్షణతో మార్చవచ్చునా? ఆ ప్రశ్న విలువను, జవాబు విలువను గ్రహించాలంటే ముందుగా కొంత వెనుకకు పోవాలి.

పేకముక్కలు, చీట్లు, వరి మడులు

1880 దశకంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ పీర్స్, జోసెఫ్ జాస్ట్రో అనే ఇద్దరు, బరువులలోని అతి స్వల్ప భేదాన్ని మనిషి గుర్తించగలడా అని పరీక్షించారు. ముందు బరువైనది, తరువాత తేలికైనది అని ఒక క్రమం పెట్టుకొంటే, పరీక్షకు కూర్చున్నవాడు ఆ క్రమాన్ని పసిగట్టవచ్చు గదా! అందుకని వారు పేకముక్కలు కలిపి, పైకి వచ్చిన ముక్క రంగును బట్టి బరువుల వరుసను నిర్ణయించారు. ఈ పరిశోధన 1885లో వెలువడింది. ప్రయోగంలో అదృష్టపు చీటీని బుద్ధిపూర్వకంగా వాడిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

పోలిక కోసం వేరొక జట్టును ఉంచుకొనే పద్ధతి బడిపిల్లల చదువు నుంచి వచ్చింది. ఒక విషయాన్ని కంఠస్థం చేయడంలో అభ్యాసం ఇస్తే, జ్ఞాపకశక్తి ఇతర విషయాలలో కూడా పెరుగుతుందా? ఈ ప్రశ్నకు లండన్ పాఠశాలలలో డబ్ల్యు. హెచ్. వించ్ 1908లో జవాబు వెదికాడు. ముందుగా ఒక పరీక్ష పెట్టి, మార్కులు సమానంగా ఉండేటట్లు పిల్లలను రెండు జట్లుగా విడదీశాడు. ఒక జట్టుకే అభ్యాసం ఇచ్చి, చివర రెండు జట్లనూ పరీక్షించాడు. అభ్యాసం లేని ఆ రెండవ జట్టును ఈనాడు నియంత్రిత సమూహం అంటున్నాం. పిల్లలు వయస్సుతో పెరుగుతారు, పరీక్షలకు అలవాటు పడతారు. ఆ సహజమైన మార్పు ఎంతో ఈ సమూహం చెపుతుంది.

అయితే మార్కులు సమానమైనంత మాత్రాన జట్లు సమానమవుతాయా? ఇంటివద్ద చదువు చెప్పేవారు ఉండటం, ఆరోగ్యం, పట్టుదల మొదలైనవి మార్కులలో కనబడవు. కొలిచిన గుణాన్ని సరిచూడవచ్చుగాని, కొలవని గుణాన్ని ఎట్లా సరిచూడటం? దీనికి విద్యా పరిశోధకుడు విలియం మెకాల్ 1923లో ఒక ఉపాయం చెప్పాడు. పిల్లల పేర్లు చీట్ల మీద వ్రాసి, కలిపి, తీయమన్నాడు. చీటీకి ఎవరు తెలివైనవారో, ఎవరు ధనికులో తెలియదు. కనుక అన్ని గుణాలూ రెండు వైపులా ఇంచుమించు సమంగా సర్దుకొంటాయి. మిగిలే తేడా కేవలం యాదృచ్ఛికం. దానిని లెక్క కట్టవచ్చు.

ఆ లెక్కను శాస్త్రంగా తీర్చినవాడు రొనాల్డ్ ఫిషర్. ఆయన 1919లో ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చేరాడు. 1925లో, 1935లో వెలువడిన ఆయన గ్రంథాలు ప్రయోగ పథకాలకు పునాదులు వేశాయి. ఆయన పద్ధతి జగిత్యాల ప్రాంతపు రైతులకు తెలియనిది కాదు. జగిత్యాల వద్ద పొలాస వ్యవసాయ పరిశోధన స్థానంలో జగిత్యాల సన్నాల వంటి వరి రకాలు రూపొందాయి. ఇటువంటి కేంద్రాలలో కొత్త రకాన్ని ఒక మడిలోను, పాత రకాన్ని ఇంకొక మడిలోను వేసి తీర్పు చెప్పరు. ఒక మడి కాలువ దగ్గర ఉండవచ్చు, ఇంకొకటి చవుడు కావచ్చు. కనుక పొలాన్ని ఒకే తీరు నేల గల ఖండాలుగా విభజించి, ప్రతి ఖండంలోను అన్ని రకాలకూ చోటిచ్చి, ఏ మడిలో ఏది వేయాలో చీటీతో నిర్ణయిస్తారు. దీనికి యాదృచ్ఛిక ఖండ పథకం అని పేరు. ఈ గణితాన్ని విస్తరింపజేసినవారిలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చదివి కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేసిన మన సి. ఆర్. రావు ఒకరు.

మగ్గాల మధ్య మనస్తత్వ శాస్త్రం

వరి మొక్కకు పనికివచ్చిన పద్ధతి మనిషికి పనికివస్తుందా? సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులోనికి అడుగు పెట్టినవారికి మొదట ఎదురయ్యేది చప్పుడు. పక్కవాడి మాట వినబడదు. ఆ చప్పుడు వల్ల నేత పని తగ్గుతుందా? బ్రిటనులో వెస్టన్, ఆడమ్స్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్నను నేతగాళ్ళ మధ్య రెండు విధాల పరిశీలించారు. 1932లో వెలువడిన పరిశోధనలో ఆ నేతగాళ్ళే ఒక వారం చెవులకు బిరడాలు పెట్టుకొని, మరుసటి వారం పెట్టుకోకుండా పని చేశారు. 1935 నాటి దానిలో బిరడాలు పెట్టుకొన్న జట్టును, పెట్టుకోని జట్టును దీర్ఘకాలం పోల్చారు.

ఈ రెండూ రెండు వేరు పథకాలు. మొదటిదానిలో ప్రతి మనిషీ తనకు తానే పోలిక. ఒకడు నేర్పరి, ఇంకొకడు కొత్తవాడు అన్న చిక్కు ఉండదు. కొద్దిమందితోనే పని జరుగుతుంది. కాని మొదటి వారపు అలసట, అలవాటు రెండవ వారంలోనికి ప్రాకవచ్చు. అందువల్ల స్థితులను మార్చి మార్చి పెట్టాలి. రెండవదానిలో ఈ ప్రాకుడు లేదు, కాని మనుషుల మధ్య తేడాలు వచ్చి పడతాయి, ఎక్కువమంది కావాలి. వెస్టన్, ఆడమ్స్‌లకు రెండు విధాలా బిరడాలు మేలు చేసినట్లే కనిపించింది. అయినా ఒక సందేహం మిగిలింది. బిరడాలు పెట్టుకొన్నవారికి ఆ సంగతి తెలుసు. తమ మీద శ్రద్ధ చూపుతున్నారన్న ఉత్సాహమే నేతను పెంచి ఉండవచ్చు గదా?

1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లులలో ఎ. కె. రైస్ చేసిన ప్రయోగంలో ఈ సందేహం ఇంకా పెద్దదైంది. అక్కడ కొత్తగా స్వయంచాలక మగ్గాలు పెట్టినా ఉత్పత్తి ఆశించినంత రాలేదు. పనిని అనేక చిన్న పనులుగా చీల్చి, ఒక్కొక్కటి ఒక్కొక్కరికి అప్పగించడంతో ఎవరు ఎవరితో కలిసి పని చేస్తున్నారో తెలియని గందరగోళం ఏర్పడిందని రైస్ భావించాడు. కొన్ని మగ్గాలకు కొందరు మనుషులు కలిసి బాధ్యత వహించే చిన్న జట్లను సూచించాడు. కార్మికులే ఆ సూచనను అందుకొని జట్లు కట్టుకొన్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. రైస్ ఈ వృత్తాంతాన్ని 1958లో గ్రంథంగా ప్రకటించాడు.

కాని దీనిలో ముందు స్థితి, తరువాతి స్థితి మాత్రమే ఉన్నాయి. మార్పు చేయని షెడ్డు పక్కన పెట్టి సరిగా పోల్చలేదు. తరువాతి విమర్శకులు, ఆ కాలంలోనే వేతనాలు కూడా పెరిగినవి గనుక ఫలితం జట్టుదా, వేతనానిదా అని అడిగారు. ఫలితం నిజమే, కారణం మాత్రం తేలలేదు.

పదహారు పథకాల పట్టిక

1963లో డొనాల్డ్ క్యాంప్‌బెల్, జూలియన్ స్టాన్లీ ఈ చిక్కులన్నిటినీ ఒకచోట క్రమపరిచారు. వారి వ్యాసం మొదట వెలువడింది బోధనపై పరిశోధనలకు సంబంధించిన ఒక కరదీపికలో అన్నది గమనింపదగినది. వారు 16 పథకాలను పోల్చి, మూడింటిని ప్రయోగాలనదగనివని, మూడింటిని నిజమైన ప్రయోగాలని, పదింటిని ప్రయోగాభాసాలని విభజించారు. ఏ పథకంలో ఏ పొరపాటు దూరగలదో పట్టికగా చూపారు. నడుమ జరిగిన బయటి సంఘటన ఒక పొరపాటు. మనుషులు సహజంగా పెరగడం ఒకటి. మొదటి పరీక్ష వల్ల కలిగే అలవాటు ఒకటి. ఎంపికలోని పక్షపాతం ఇంకొకటి.

ఉపాధ్యాయులకు తరచు ఎదురయ్యే పొరపాటు కూడా ఆ పట్టికలో ఉంది. త్రైమాసిక పరీక్షలో అతి తక్కువ మార్కులు వచ్చిన పదిమందికి సాయంకాలపు తరగతులు పెట్టారనుకొందాం. అర్ధసంవత్సర పరీక్షలో వారి మార్కులు పెరుగుతాయి. అది తరగతుల ఫలమేనా? ఆ పదిమందిలో కొందరు త్రైమాసికం నాడు జ్వరంతో వ్రాసి ఉంటారు, కొందరికి చదవని ప్రశ్నలే వచ్చి ఉంటాయి. రెండవసారి ఆ దురదృష్టం ఉండదు. ఏ తరగతీ పెట్టకపోయినా వారి సగటు కొంత పైకి వస్తుంది. దీనిని సగటు వైపు తిరోగమనం అంటారు. అదే విధంగా మొదటి స్థానాలలో ఉన్నవారి సగటు కొంత క్రిందికి వస్తుంది. దానికి ఉపాధ్యాయుని నిందించటం ఎంత అన్యాయమో, మొదటిదానికి మెచ్చుకోవటం అంత తొందరపాటు.

కాకినాడ

ఇటువంటి తరుణంలో కాకినాడ ప్రయోగం జరిగింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ప్రకటించిన గ్రంథంలో, సాధనాభిలాష ఎక్కువగా ఉన్న సమాజాలు ఆర్థికంగా ముందుకు పోతాయని వాదించాడు. సాధనాభిలాష అంటే డబ్బు మీద ఆశ కాదు. చేపట్టిన పనిని ఇంకా మెరుగుగా చేయాలన్న తపన. అంతకు పూర్వం మాక్స్ వేబర్ వంటి పండితులు, హిందూ సమాజపు విశ్వాసాలు పారిశ్రామిక ఉత్సాహానికి అనుకూలమైనవి కావని వ్రాశారు. అది నిజమైతే మన పట్టణాలకు చిన్న పరిశ్రమలు రావాలంటే ముందు తరతరాల విశ్వాసాలు మారాలి. కాక, కేవలం అభిలాషను పెంచితే చాలునా?

మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ దీనిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ సహకారంతో పరీక్షించారు. ఆ సంస్థ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాదుకు వచ్చింది. కాకినాడ వర్తకులు, చిన్న పరిశ్రమల యజమానులు జట్లుగా హైదరాబాదు వచ్చి, సుమారు పది రోజులు అక్కడే ఉండి శిక్షణ పొందారు. బొమ్మలు చూచి కథలు వ్రాయడం, ఆ కథలలో తమ అభిలాషలను తామే గుర్తించడం, ఆటల ద్వారా తాము ఎంతటి లక్ష్యం పెట్టుకొంటున్నారో తెలిసికోవడం, రాబోయే రెండేళ్ళకు స్పష్టమైన ప్రణాళిక వేసికోవడం శిక్షణలోని భాగాలు. వేలూరు నుంచి కూడా కొందరు వచ్చారు. గోదావరి ఒడ్డున ఉన్న రాజమహేంద్రవరాన్ని శిక్షణ లేని పోలిక పట్టణంగా ఎంచుకొన్నారు.

ఫలితాలు 1969లో గ్రంథంగా వెలువడినవి. శిక్షణ పొందినవారు 76 మంది, పోలిక కొరకు తీసికొన్నవారు 73 మంది. శిక్షణకు ముందటి రెండేళ్ళలో వ్యాపారంలో చురుకుగా ఉన్నవారు మొదటి జట్టులో నూటికి 18 మంది. తరువాతి రెండేళ్ళలో 51 మంది. పోలిక జట్టులో అది 22 నుంచి 25కు మాత్రమే పెరిగింది. కొత్త వ్యాపారం ప్రారంభించినవారు శిక్షితులలో నూటికి 4 నుంచి 22కు పెరగగా, పోలిక జట్టులో 7 నుంచి 8 అయినారు.

ఇక్కడ లెక్కించే పద్ధతి విద్యార్థులు గమనించాలి. 51 నుంచి 18 తీసివేసి, శిక్షణ వల్ల 33 పెరిగిందని అనకూడదు. శిక్షణ లేనివారిలో కూడా 3 పెరిగింది, అది కాలప్రభావం. దానిని తీసివేస్తే 30 మిగులుతుంది. అహమ్మదాబాదులో లేనిది, కాకినాడలో ఉన్నది ఈ రెండవ తీసివేతయే. సంప్రదాయ విశ్వాసాలు గలవారు ఈ మార్పులో వెనుకబడలేదని కూడా పరిశోధకులు గుర్తించారు. వేబర్ వాదానికి ఇది గట్టి దెబ్బ.

అయినా ఇది సంపూర్ణమైన ప్రయోగం కాదు. ఏ పట్టణానికి శిక్షణ అన్నది చీటీతో తేలలేదు. దుకాణం మూసి పది రోజులు హైదరాబాదులో ఉండటానికి సిద్ధపడినవానికి ఆ తపన ముందే ఉండవచ్చును. శిక్షితులకు ఒకరితో ఒకరికి పరిచయం పెరిగింది. ఒక పెద్ద సంస్థతో సంబంధం ఏర్పడింది. పెరిగినది అభిలాషా, పరపతియా అన్న ప్రశ్నకు ఈ పథకం పూర్తి జవాబు ఇవ్వలేదు. క్యాంప్‌బెల్, స్టాన్లీల పట్టికలో దీని స్థానం ప్రయోగాభాసాలలోనే.

మూడు పట్టణాల లెక్క

పోలిక పట్టణాన్ని ఎంచుకోవడం ఎంత కష్టమో మనకు దగ్గరి పట్టణాలతోనే చూడవచ్చు. ఇట్టి శిక్షణ జగిత్యాల వర్తకులకు ఇచ్చి, సిరిసిల్లతో పోల్చారనుకొందాం. రెండూ ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాల కేంద్రాలైనవి. కాని సిరిసిల్ల బ్రతుకు సాంచాల మీద ఆధారపడింది. 2017లో బతుకమ్మ చీరల నేత సిరిసిల్లకు వచ్చినప్పుడు ఆ ఊరి వ్యాపారమంతా కదిలింది. అట్టి ఏడాదిలో పోలిక చూస్తే శిక్షణ వల్ల నష్టమే కలిగినట్లు కనబడుతుంది!

అయితే కోరుట్లతో పోల్చుదామా? జగిత్యాలకు, కోరుట్లకు వరి, పసుపు పంటల వ్యాపారం, బీడీల పని ఉమ్మడి. పసుపు ధర పెరిగితే రెండు ఊళ్ళకూ మేలే, పడితే రెండింటికీ నష్టమే. కనుక ఆ ప్రభావం తీసివేతలో పోతుంది. కాని ఇవి మరీ దగ్గరి ఊళ్ళు. జగిత్యాలలో శిక్షణ పొందినవాడు వారం తిరగకుండా కోరుట్లలోని బంధువుకు అంతా చెపుతాడు. పోలిక జట్టు కూడా సగం శిక్షణ పొందినట్లే అవుతుంది. ఉన్న ఫలితం లేనట్లు కనబడుతుంది. దూరమైతే పోలిక చెడుతుంది, దగ్గరైతే ఎడం చెడుతుంది. రెండు ఊళ్ళతో దీనికి విరుగుడు లేదు. అనేక ఊళ్ళు తీసికొని చీటీ వేయడమే మార్గం.

అయిదు వందల పాఠశాలలు

ఆ మార్గాన్ని తెలుగు నేల మీదనే పెద్ద ఎత్తున అనుసరించినది 2005లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో ఆరంభమైన ప్రాథమిక పాఠశాలల పరిశోధన. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దీనిని నడిపారు. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు సహకరించాయి. అయిదు జిల్లాలలో 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 పాఠశాలలు తీసికొన్నారు. ప్రతి మండలంలోను రెండేసి పాఠశాలలు అయిదు పద్ధతులకు చీటీతో కేటాయించారు. పిల్లల ప్రగతిని బట్టి ఉపాధ్యాయునికి విడిగా బహుమానం, పాఠశాల ఉపాధ్యాయులందరికీ కలిపి బహుమానం, ఒక అదనపు ఒప్పంద ఉపాధ్యాయుడు, పాఠశాలకు అదనపు నిధి, ఏమీ ఇవ్వకపోవడం అన్నవి ఆ అయిదు. ఇక్కడ మండలమే ఖండం, పాఠశాలయే మడి. పొలాసలో వరికి వాడే యాదృచ్ఛిక ఖండ పథకమే ఇది.

రెండేళ్ళ తరువాత బహుమానం గల పాఠశాలల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందున్నారని 2011లో ప్రకటించారు. బహుమానంతో సంబంధం లేని విజ్ఞాన, సాంఘిక శాస్త్రాలలో కూడా వారు వెనుకబడలేదు; ముందే ఉన్నారు.

అదే పరిశోధనలోని ఇంకొక భాగం మరింత ఆలోచింపజేస్తుంది. 100 పాఠశాలల ఉపాధ్యాయులకు, ఏ పిల్లవాడు ఏ అంశంలో వెనుకబడినాడో వివరించే నివేదికలు మాత్రం ఇచ్చారు. పరిశీలకులు వెళ్ళినప్పుడు ఆ ఉపాధ్యాయులు ఇతరుల కంటె చురుకుగా పాఠం చెపుతూ కనిపించారు. కాని సంవత్సరాంతంలో పిల్లల మార్కులలో తేడా రాలేదు. తరగతిని చూచి వచ్చినవారి మాట మీదనే తీర్పు చెప్పి ఉంటే ఆ పథకాన్ని విజయమని చాటేవారు. పోలిక పాఠశాలలు, విడిగా పెట్టిన పరీక్ష ఉన్నందువల్ల నిజం తెలిసింది.

ఏది మంచిది?

ఈ పథకాలన్నిటిలోను చీటీతో విడదీసిన పథకం కారణాన్ని తేల్చడంలో బలమైనది. అయినా మిగిలినవి వ్యర్థం కావు. అహమ్మదాబాదు ప్రయోగం కారణాన్ని తేల్చలేకపోయినా, మగ్గం ఒక్కటే గాక మనుషుల కూర్పు కూడా ఉత్పత్తిలో భాగమని చూపింది. కాకినాడ ప్రయోగం ఒక జాతి విశ్వాసాల మీద వేసిన నిందను పరీక్షకు నిలిపింది. అందరికీ ఒకేసారి వర్తించే చట్టం వంటి వాటికి చీటీ వేయడం సాధ్యపడదు. అక్కడ మంచి పోలికను వెదకుకోవలసిందే.

పోలిక జట్టుకు మేలు అందకుండా చేయడం న్యాయమా అని కొందరు అడుగుతారు. మేలు అని ముందే తేలి ఉంటే న్యాయం కాదు. తేలనప్పుడు, వసతి కొందరికే చాలినప్పుడు, పలుకుబడి చూచి పంచడం కంటె చీటీ వేసి పంచడమే సమంజసం. ఫలితం మంచిదని తేలిన పిదప మిగిలినవారికి కూడా దానిని అందించాలి.

ఉన్నత పాఠశాలలలో ఈ పద్ధతులను ఖర్చు లేకుండా నేర్పవచ్చు. ఇరవై మాటల పట్టికను పైకి చదివి నేర్చుకోవడం మేలా, మౌనంగా చదివి నేర్చుకోవడం మేలా? తరగతిని చీట్లతో రెండుగా విడదీసి ఒకసారి చూడవచ్చు. వేరొక రోజున ప్రతి విద్యార్థీ రెండు విధాలా, రెండు వేరు పట్టికలతో, సగంమంది ఒక వరుసలో, సగంమంది తారుమారు వరుసలో చేసి చూడవచ్చు. రెండు రోజుల ఫలితాలను నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాసి, అవి కలిసినవా, కలవకపోతే ఎందువల్ల అని పిల్లలనే చెప్పమనాలి. ఎవరైనా ఒక ఔషధాన్ని గాని, ఒక శిక్షణను గాని, ఒక ప్రభుత్వ పథకాన్ని గాని పొగిడినప్పుడు, దేనితో పోల్చి చెపుతున్నారని అడిగే అలవాటు ఆ విద్యార్థులకు పదవ తరగతిలోనే అబ్బుతుంది.